పంచాంగం తెరవక మునుపు



మా ఓబులదేవరచెరువులో ప్రాతఃకాల పూజ ముగించి తీర్థమిచ్చే వేళకు మంటపంలో ఇద్దరో ముగ్గురో కూర్చుని ఉంటారు. వారిలో భగవత్తత్త్వాన్ని గురించి అడిగేవారు అరుదు, దినాన్ని గురించి అడిగేవారు అధికం. వివాహానికి, గృహారంభానికి, అంగడి తెరవడానికి, ట్రాక్టరు కొనడానికి, అన్నింటికన్నా మిక్కిలిగా మా సీమలో బోరు వేయించడానికి ముహూర్తం కోసం వస్తారు. ముప్పై సంవత్సరాలుగా చెబుతున్నాను. నా తండ్రిగారూ చెప్పారు. ముహూర్త నిర్ణయాన్ని నిరసించే ఉద్దేశం నాకు లేదు. దానికి శాస్త్రం ఇచ్చిన స్థానమేదో, మనం ఇచ్చిన స్థానమేదో ఆస్తిక మహాశయుల ముందు విన్నవించాలని మాత్రమే ఈ వ్యాసం.

తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాలు కలది పంచాంగం. ఒక కార్యాన్ని ఎప్పుడు ఆరంభించాలన్న ప్రశ్నకు అది సమాధానం చెబుతుంది. ఆ కార్యాన్ని అసలు ఆరంభించాలా వద్దా అన్నది మరొక ప్రశ్న. కర్తవ్య నిశ్చయం జరిగిన పిదపనే కాలనిశ్చయం జరగాలి. ఈ క్రమం ఇప్పుడు లోకంలో తారుమారైంది. నిశ్చయించుకునే శ్రమనుండి తప్పించుకోవడానికి జనులు ముహూర్తం అడుగుతున్నారు. అర్చకులమైన మేము అందుకు సహకరిస్తున్నాం. నేనూ సహకరించాను. ఆ సంగతి ముందు చెప్పి, తరువాత మిగిలినది చెబుతాను.

ఆరేళ్ళ క్రితం, మాఘమాసం చివర, ఒక రైతు వచ్చాడు. అయిదెకరాల ఎర్రనేల, వేరుశనగ, కొద్దిగా టమోటా. అప్పటికే మూడు బోర్లు వేయించి ఉన్నాడు. మొదటిది నాలుగేళ్ళు నీరిచ్చి ఎండిపోయింది. రెండవది ఒక్క వేసవికే సరి. మూడవదానిలో దుమ్ము తప్ప తడి రాలేదు. "సామీ, ఈ తూరి టెంకాయ అరచేతిలో నిట్టనిలువునా లేసి నిలబడింది. గంగమ్మ తల్లి కరుణిస్తాది. మంచి దినం సూసి పెట్టు" అన్నాడు. పంచాంగం తెరిచాను. జలకార్యానికి విహితమైన నక్షత్రం, అనుకూలమైన తిథి, అతని నామనక్షత్రానికి తారాబలం చూశాను. పది నిమిషాలు పట్టలేదు. తాంబూలంలో దక్షిణ పెట్టి, పాదాలకు నమస్కరించి వెళ్ళాడు.

బోరు బండి సరిగ్గా ఆ ముహూర్తానికే మొదలుపెట్టింది. వెయ్యి అడుగులు దాటినా దుమ్మే లేచింది. భార్య మెడలోని బంగారం కుదువలో ఉండిపోయింది. మూడు నెలల తరువాత ఆ కుటుంబం బెంగళూరు వెళ్ళిపోయింది. అక్కడ ఏదో కట్టడం దగ్గర కాపలాదారుగా చేరాడని విన్నాను. వెళ్ళేముందు ఆలయానికి వచ్చినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను. "ముహూర్తంలో లోపమేమీ లేదు సామీ, నా రాత" అన్నాడతడు.

నిజమే, ముహూర్తంలో లోపం లేదు. లోపం మరొకచోట ఉన్నది. అతని చేనికి అటూ ఇటూ ఉన్న బోర్లలో ఎన్ని ఎండిపోయాయో నాకు తెలుసు. ఎందుకంటే వాటికీ ముహూర్తాలు పెట్టినవాణ్ణి నేనే. ఆ వీధిలో ఎవరు అప్పులపాలయ్యారో, ఎవరు ఊరు విడిచారో అర్చకునికి తెలిసినంతగా గ్రామాధికారికి కూడా తెలియదు. అంత తెలిసి ఉండి కూడా నేను ఒక్క ప్రశ్న అడగలేదు. అతడు అడిగినది దినం, నేను చెప్పినది దినం. అంతటితో నా ధర్మం తీరిందనుకున్నాను.

వేదపాఠశాలలో చదువుకున్నవాడు ఇలా ప్రవర్తించడం మరింత సిగ్గుచేటు. మా విద్య అంతా పరిశీలన మీదనే నిలిచింది. కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖలో సంహిత వల్లించాక పదం, క్రమం, జట, ఘనం నేర్పుతారు. ఘనంలో మొదటి రెండు పదాలను అనులోమంగా చెప్పి, విలోమంగా చెప్పి, మళ్ళీ అనులోమంగా చెప్పి మూడవ పదం కలుపుతారు. ఆ మూడింటినీ తిరగవేసి, మళ్ళీ సరిగా చెబుతారు. ఒక అక్షరం జారినా, ఒక స్వరం తప్పినా ఈ ముందువెనుకల నడకలో ఎక్కడో పట్టుబడి తీరుతుంది. జ్ఞాపకశక్తి మీద ఎంత గౌరవమో, దాని మీద అంత అవిశ్వాసం కూడా మన పూర్వులకు ఉండేది. ఎంతటి ఘనపాఠి అయినా మరచిపోగలడని అంగీకరించిన తరువాతనే ఈ ఏర్పాటు పుట్టింది.

బాల్యంలో ఘనం చెబుతూ ఇదంతా కంఠశోష అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ విలోమమే నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోస్తున్నది. ఒక సంకల్పాన్ని ముందునుంచి చూసినప్పుడు ఫలమే కనబడుతుంది. వెనుకనుంచి చూస్తే, అంటే ఇది ఎలా చెడిపోగలదని అడిగితే, దోషాలు కనబడతాయి. 2023లో దివంగతుడైన చార్లీ మంగర్ అనే అమెరికా ధనికుడు, పెట్టుబడి విషయాలలో ప్రాజ్ఞుడని పేరు పొందినవాడు, ఏ సమస్యనైనా తిరగవేసి చూడమని జీవితమంతా బోధించాడట. మా ఊరి యువకుడొకడు ఆయన ఉపన్యాసం చూపించి, మెంటల్ మోడల్స్ అని ఏదో చెబుతుంటే, నాకు చిన్ననాటి పాఠశాల అరుగు గుర్తుకు వచ్చింది.

ఆ యువకుడు చెక్‌లిస్టులను గురించి కూడా చెప్పాడు. అది పాశ్చాత్యుల కల్పన అని అతని అభిప్రాయం. అతనికి నేను కడప సీమలోని పోరుమామిళ్ళ శాసనాన్ని గురించి చెప్పాను. మా ఊరి పేరులోనే చెరువు ఉన్నది. ఓబులదేవర అన్న మాటలో అహోబల నారసింహుడు ధ్వనిస్తాడు. దేవుడు, చెరువు కలిసి ఊరైన ఈ ప్రాంతంలో ఆ శాసనం ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసినది.

శాలివాహన శకం 1291, అంటే క్రీ.శ. 1369. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు పోరుమామిళ్ళలో అనంతరాజసాగరమనే తటాకాన్ని నిర్మింపజేశాడు. ప్రతిదినం వేయిమంది కూలీలు, రాతికట్టు పనికి నూరు బండ్లు, రెండు సంవత్సరాల కాలం. ఆరున్నర శతాబ్దాల తరువాత కూడా ఆ చెరువు చెరువుగానే ఉన్నది. దానధర్మాలను కీర్తించే శాసనాలు మనకు వేలకొలదిగా ఉన్నాయి. ఈ శాసనం విశేషమేమంటే, ఒక మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, రాకూడని ఆరు దోషాలను ఇది రాతిమీద వరుసగా చెక్కించింది.

పన్నెండింటిలో మొదటిది ధర్మబుద్ధి, సంపద, కీర్తికాంక్ష కలిగిన ప్రభువు. రెండవది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. శాసనం అడిగినది వేదం చదివినవాణ్ణి మాత్రమే కాదు, నీటి శాస్త్రం తెలిసినవాణ్ణి. మా వంటివారికి అది చురక. తరువాత గట్టి బంకమన్ను నేల, మూడు యోజనాల దూరంనుండి తియ్యని నీరు తెచ్చే నది, ఆనుకొని ఉన్న కొండ, ఆ కొండ భాగాల నడుమ మరీ పొడుగు కాని దృఢమైన రాతికట్ట, విశాలమైన లోతైన గర్భం, పొడుగాటి తిన్నని రాళ్ళు దొరికే గని, దిగువన సమతలమైన సారవంతపు పొలాలు, చివరకు నిర్మాణకుశలులైన పనివారు. ధనం ఎక్కడినుండి వస్తుంది, విద్య ఎవరిది, నీరు ఎక్కడిది, నేల ఎటువంటిది, పనిచేసేది ఎవరు, ఫలం ఎవరికి అన్న ప్రశ్నలన్నీ అందులో ఇమిడి ఉన్నాయి.

శుభముహూర్తం ఆ పన్నెండు సాధనాలలో లేదు. దైవభక్తి నిండిన కాలం, దైవభక్తి నిండిన రాజవంశం, శాసనంలో కాలనిర్దేశం కూడా ఉన్నది. అయినా చెరువును నిలబెట్టేవాటి లెక్కలో ముహూర్తాన్ని చేర్చలేదు. ఈ సంగతి గ్రహించిన రోజు నేను చాలాసేపు ఆలోచించాను.

ఆరు దోషాలు మరింత సూక్ష్మమైనవి. కట్టనుండి నీరు ఊటగా కారడం, చౌడునేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు గర్భం నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీరు స్వల్పమై ఆయకట్టు అధికం కావడం, నీరు అధికమై నేల స్వల్పం కావడం. మూడవ దోషాన్ని చూడండి. నేల మంచిదే కావచ్చు, నీరు సమృద్ధిగా ఉండవచ్చు. కానీ రెండు రాజ్యాల నడుమ ఉంటే కలహం తప్పదు. అన్నదమ్ముల గట్టు మీద వేసిన బోరును గురించి మా ఊరి రచ్చకట్ట మీద విన్న తగాదాలన్నీ ఈ దోషం కిందికే వస్తాయి. అయిదవ దోషమైతే మా అనంతపురం సీమ జాతకమే. సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం. దానికి మించిన ఆశ మా పొలాలది.

ఈ అయిదవ దోషాన్ని రైతులే లెక్కగట్టుకున్న సందర్భం మన కాలంలోనే ఉన్నది. 2000ల దశకంలో అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతుల భాగస్వామ్యంలో భూగర్భజల యాజమాన్య పథకం ఒకటి నడిచింది. రైతులు వర్షమాపకాలు పెట్టి వానను కొలిచారు, బావులలో నీటిమట్టం కొలిచి వ్రాసుకున్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఈ సంవత్సరం భూమిలోకి దిగిన నీరు ఇంత, మనం వేయదలచిన పంటలు త్రాగే నీరు ఇంత అని బడ్జెట్ కట్టారు. ఎవరినీ నిర్బంధించలేదు. లెక్క చూసుకుని ఎవరి పంట వారే ఎంచుకున్నారు. అక్షరాలు రాని స్త్రీలు కూడా ఆ కొలతలు తీశారు. దానిని యజ్ఞమని పిలవడానికి నాకు సంకోచం లేదు.

ఇక మెంటల్ మోడల్ అన్న మాటకు వస్తాను. మన శాస్త్రాలలో లౌకిక న్యాయాలనేవి ఉన్నాయి. లోకంలోని ఒక చిన్న దృశ్యాన్ని పట్టుకుని, దాని అచ్చులో పెద్ద విషయాన్ని ఆలోచించడం వాటి పద్ధతి. కర్నల్ జాకబ్ అనే ఆంగ్లేయుడు వాటిని శ్రద్ధగా సేకరించి లౌకికన్యాయాంజలి అని ప్రకటించాడు. మన పండితులు చేయవలసిన పని సైనికాధికారి చేశాడు. ఉపన్యాసాలలో అలంకారంగా వాడుకోవడం తప్ప, నిర్ణయ సమయంలో ఈ న్యాయాలను మనం బయటికి తీయడం లేదు. నా రైతు విషయంలో తీసి ఉంటే ఏమయ్యేదో చూడండి.

కాకి వాలగానే తాటిపండు రాలింది. కాకి వాలడం వల్లనే రాలిందనుకోవడం భ్రమ. ఇది కాకతాళీయ న్యాయం. టెంకాయ నిలబెట్టి పాయింటు చూపినవాడు పోయిన ఏడాది పక్క ఊళ్ళో చూపినచోట రెండించుల నీరు పడిందని అతడు నమ్మాడు. ఆ మనిషి చూపిన మిగిలిన పాయింట్లు ఎన్ని, వాటిలో ఎండినవి ఎన్ని అని అడగలేదు. నేనూ అడగలేదు. ఒక మెతుకు పట్టి చూస్తే కుండలోని అన్నం ఉడికిందో లేదో తెలుస్తుందనేది స్థాలీపులాక న్యాయం. అది కుండకు చెల్లుతుంది, ఎందుకంటే మెతుకులన్నిటికీ నిప్పు ఒక్కటే. మా సీమలో భూమి కింద ఉన్నది గట్టి రాయి; నీరు ఆ రాతి పగుళ్ళలోనే ఉంటుంది. పక్కవాని బోరులో నీరు పడితే యాభై అడుగుల దూరంలో పడాలన్న నియమం లేదు. ఇక్కడ మెతుకు పట్టి చూసినవాడు మోసపోతాడు. గొర్రెల మంద ఒకదాని వెంట ఒకటి దూకే గడ్డరికా ప్రవాహ న్యాయాన్ని వివరించనక్కరలేదు; ఒక వేసవిలో ఒకే వీధిలో ఏడు బోరు బండ్లు నిలవడం మేము చూశాం.

వీటన్నిటిలో నన్ను మిక్కిలి బాధించేది ఘట్టకుటీ ప్రభాత న్యాయం. సుంకం కట్టకుండా తప్పించుకోవాలని వర్తకుడొకడు రాత్రంతా అడ్డదారుల్లో తిరిగి, తెల్లవారేసరికి సరిగ్గా సుంకపు చావడి ముందే తేలతాడు. మూడు బోర్ల అప్పు తీరడానికి నాలుగవ బోరు వేసినవాడు ఆ వర్తకుడే. పోయిన ధనం తిరిగి రావాలన్న తాపంతో చేసే వ్యయం ఎప్పుడూ ఆ చావడి వైపే నడుస్తుంది.

న్యాయాలకు కూడా ఎల్లలు ఉంటాయని మరువరాదు. వరాహమిహిరుని బృహత్సంహితలో దకార్గళాధ్యాయం ఉన్నది. ఏ చెట్టుకు ఏ దిక్కున పుట్ట ఉంటే ఎంత లోతున నీరు దొరుకుతుందో ఆ అధ్యాయం చెబుతుంది. అందులో లోతుకు కొలత పురుష; చేతులెత్తి నిలిచిన మనిషి ఎత్తు. చాలా చోట్ల చెప్పినది రెండు, మూడు, నాలుగైదు పురుషల లోతు. పైపొరల నీటికి చెట్టూ పుట్టా సాక్ష్యం చెప్పడం యుక్తియుక్తమే. వెయ్యి అడుగుల కింది రాతి పగులును గురించి పైనున్న పుట్ట ఏమి చెప్పగలదు? ఆచార్యుని మీద గౌరవంతోనే అంటున్నాను: ఆయన చెప్పిన లోతుకు ఆయన శాస్త్రం. ఆ లోతు దాటిన తరువాత ఆయన పేరు వాడుకోవడం ఆయనకు అపచారం.

ఇక ప్రశ్నలు అడగవలసినది ఎవరు? శ్రౌతంలో దీనికి స్పష్టమైన సమాధానం ఉన్నది. హోత, అధ్వర్యుడు, ఉద్గాత తమ తమ మంత్రాలతో, క్రియలతో నిమగ్నులై ఉంటారు. నాలుగవవాడైన బ్రహ్మ దక్షిణాన మౌనంగా కూర్చుని అంతా చూస్తాడు. లోపం జరిగినచోట ప్రాయశ్చిత్తం జరిపిస్తాడు. యజ్ఞానికి ఆయన వైద్యుని వంటివాడని ఛాందోగ్యం నాలుగవ అధ్యాయం భావం. చేసేవాడు చేస్తూ తనను తాను పరీక్షించుకోలేడు, కనుక చూసేవాడు వేరుగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సలకు ఒక పరిశీలనా పట్టికను ప్రకటించినప్పుడు, ఆ పట్టికను చదివి అడిగే బాధ్యత ఒకే వ్యక్తికి అప్పగించమన్నది. సాధారణంగా అది కత్తి పట్టని నర్సు. రోగి ఇతడేనా, కోయవలసిన చోటు ఇదేనా, దూది లెక్క సరిపోయిందా అని ఆమె అడుగుతుంది, మహావైద్యుడు సమాధానం చెప్పాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో పరీక్షిస్తే మరణాలు నూటికి ఒకటిన్నరనుండి 0.8కి తగ్గాయని 2009లో ప్రకటించారు. మన బ్రహ్మ మౌని, ఆమె వాచాల. స్థానం మాత్రం ఒకటే.

పట్టిక ఉంటే చాలునని దీనివల్ల అనుకోరాదు. ఉత్తరప్రదేశ్‌లో 120 ప్రసూతి కేంద్రాలలో, లక్షన్నరకు పైగా ప్రసవాలలో, ఇటువంటి పట్టికను శిక్షకుల తోడుతో పరీక్షించారు. 2017లో ఫలితం వెల్లడైంది. చేయవలసిన పనులు చేయడం బాగా పెరిగింది, శిక్షకులు వెళ్ళిపోయాక కొంత తగ్గింది. తల్లీబిడ్డల మరణాలు మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పట్టిక అడుగుతుంది, సరే. అడిగిన తరువాత చేయడానికి సామర్థ్యం, సాధనం కూడా ఉండాలి కదా. పోరుమామిళ్ళ శాసనం ప్రభువు సంపదతో మొదలై పనివారి కౌశలంతో ముగియడం వ్యర్థం కాదు.

సహార్చకులు కొందరు నాతో విభేదిస్తున్నారు. "అడిగిన దినం చెప్పడం మన వృత్తి. చేను, అప్పు, నీరు మనకెందుకు? అంతా దైవాధీనం" అంటారు. వారి మాటలో ఒక సత్యం ఉన్నది: అర్చకుడు సర్వజ్ఞుడని భ్రమపడి సలహాలివ్వడం అనర్థం. నేను ఏ రైతుకూ బోరు వేయవద్దని చెప్పడం లేదు. ప్రశ్నలు అడుగుతాను, సమాధానం అతనిదే. ఇక దైవం మాట. గీతలో భగవానుడు పదునెనిమిదవ అధ్యాయంలో కార్యసిద్ధికి అయిదు కారణాలు చెప్పాడు: అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, దైవం. దైవాన్ని అయిదవదిగా చెప్పాడు. మొదటి నాలుగింటినీ చూడకుండా అయిదవదాని మీద భారం వేయడాన్ని భక్తి అనవచ్చునా? నేల చూడక, స్తోమత చూడక, సాధనం చూడక, చేసే తీరు చూడక, గంగమ్మ కరుణిస్తుందంటే, మన అజాగ్రత్తకు ఆ తల్లిని పూచీకత్తు పెట్టినట్లే.

ఇప్పుడు నా పంచాంగంలో ఒక కాగితం ఉన్నది. బోరు ముహూర్తం అడిగినవారిని ముందు కూర్చోబెట్టి, దానిలోని ప్రశ్నలు చదువుతాను. కేక వేస్తే వినబడే దూరంలో ఎన్ని బోర్లు ఉన్నాయి, వాటిలో గత మూడు వేసవులలో ఎండినవి ఎన్ని? పాయింటు చూపినవారెవరు, నీరు పడకపోయినా వారికి డబ్బు వస్తుందా? భూగర్భజల శాఖవారి నుండి గాని, నేల తెలిసిన మరెవరి నుండి గాని మాట తీసుకున్నారా, వాల్టా చట్టం ప్రకారం అనుమతి ఉన్నదా? నీరు పడితే వేసే పంట ఏది, ఆ పంటకు కావలసిన నీరెంత? నీరు పడకపోతే అమ్మేది ఏమిటి? ఇంటి ఇల్లాలికి ఈ సంగతి తెలుసా? ఈ ఆరవ ప్రశ్న దగ్గర చాలామంది తల వంచుకుంటారు. ఏడవది నేను నెమ్మదిగా అడుగుతాను: వెనుకటి బోర్లు వేయలేదనుకో, వాటి డబ్బు పోలేదనుకో, ఈ రోజు కొత్తగా ఆలోచిస్తే ఈ చేనిలో బోరు వేస్తావా?

అన్నింటికీ సమాధానం ఉన్నవాడికి పంచాంగం సంతోషంగా తెరుస్తాను. కొందరు లేచి వెళ్ళి, నెల తరువాత వస్తారు. కొందరు మళ్ళీ రారు. దక్షిణ తగ్గింది, దాచడమెందుకు. మా ఇంట్లో ఆ మాట అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది.

రెండేళ్ళ క్రితం ఒక నడివయసు రైతు ఏడవ ప్రశ్న వినగానే కోపగించుకున్నాడు. "దినం చెప్పమంటే జాతకమంతా విప్పుతావేంది సామీ" అని లేచిపోయి, మరొకచోట ముహూర్తం పెట్టించుకున్నాడు. ఏడు వందల అడుగులలో రెండించుల నీరు పడింది. ఊరంతా చెప్పుకున్నారు. ఆ వారం ఆలయానికి వచ్చిన ప్రతివారి ముఖంలో నాకు చిరునవ్వు కనబడింది. కనబడిందో, నేనే చూశానో. మంచి నిర్ణయానికి చెడు ఫలం రావచ్చు, చెడు నిర్ణయానికి మంచి ఫలం రావచ్చునని నాకు నేను చెప్పుకున్నాను. కాకతాళీయమని కూడా చెప్పుకున్నాను. అయినా ఆ రాత్రి కాగితాన్ని తీసి, ప్రశ్నలలో ఏది తప్పో వెదికాను. ఏదీ తప్పనిపించలేదు. అతడు వాటికి సమాధానం చెప్పకుండా వెళ్ళాడు కనుక, అతని నిర్ణయం మంచిదో చెడ్డదో నాకు ఈనాటికీ తెలియదు.

నిరుటి చైత్రంలో అతని పొరుగు చేను వితంతువు వచ్చింది. ఆమెకు రెండెకరాలు, ఒక్క బోరు. పక్క బోరు పడిన పదునాలుగు నెలలకు ఆమె బోరు గాలి కక్కుతున్నది. బోరును ఇంకా లోతుకు దించడానికి దినం అడగడానికి వచ్చింది. కాగితం తీశాను. ఏడు ప్రశ్నలలో ఒక్కటి కూడా ఆమెకు జరిగినదానిని గురించి లేదు. అన్నీ బోరు వేసేవాని లాభనష్టాలను గురించినవే. ఆమెను కూర్చోమని, లోపలికి వెళ్ళి కలం తెచ్చుకుని, ఎనిమిదవ ప్రశ్న వ్రాశాను: నీ బోరులో నీరు పడితే ఎవరి బోరు ఎండుతుంది?